అభిమన్యుడి కథ దాటేసిన నానమ్మ

1999 జూలై మొదటి వారంలో, ఏడో నెల పడగానే అక్కను తొలి కాన్పుకి మా ఇంటికి తీసుకొచ్చాం. అప్పుడు మేం సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఉండేవాళ్ళం. రెండు గదుల అద్దె ఇల్లు, పైన డాబా, డాబా మీద నీళ్ళ ట్యాంకు, దాని పక్కన రెండు చాపలు పరిచేంత చోటు. నేను చెప్పబోయేది చాలావరకు ఆ చాపల మీద జరిగిందే.

నాన్న ఆర్మీలో, ఈఎంఈలో పనిచేసి హవల్దార్‌గా రిటైరయ్యాడు. బండ్లు, ఇంజన్లు, ఆయుధాలు బాగుచేసే విభాగం అది. తుపాకీ పట్టుకుని కొండెక్కిన మనిషిని కాదని తనే చెప్పేవాడు. కానీ ఆ మే నెలలో కార్గిల్ యుద్ధం మొదలైన దగ్గర్నుంచి మా ఇంట్లో ఇంకో మాట లేదు. పొద్దున పేపర్ రాగానే ముందు చనిపోయినవాళ్ళ పేర్ల కోసం వెతికేవాడు. పేరు, ర్యాంకు, రెజిమెంటు, ఊరు అన్నీ పైకి చదివేవాడు. మేం వింటున్నామా లేదా అని కూడా చూసేవాడు కాదు. అమ్మ వంటింట్లోంచి "పొద్దున్నే ఎందుకండీ అవన్నీ" అంటే, "పేరు నోటితో చదవాలి, కళ్ళతో చూసి వదిలేస్తే ఎట్లా" అనేవాడు. నేను టెన్త్‌లోకి వచ్చాను అప్పుడే. ఆ పేర్లు వింటూ జడవేసుకునేదాన్ని.

జూన్ 8 రాత్రి బాగా గుర్తుంది. మాంచెస్టర్‌లో వరల్డ్ కప్ మ్యాచ్, మనం పాకిస్తాన్ మీద 47 పరుగులతో గెలిచాం, వెంకటేశ్ ప్రసాద్ ఐదు వికెట్లు తీశాడు. మా వీధిలో దీపావళి అంత టపాకాయలు కాల్చారు. నేనూ పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి నాన్న రేడియో దగ్గర కూర్చుని ఉన్నాడు, తోలోలింగ్ ఇంకా చేతికి రాలేదన్నాడు. ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి. అదేంటని అడిగితే వంటింట్లోంచి రెండు పీటలు తెచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టాడు, కింద గచ్చు మీద అగ్గిపుల్లలు వరసగా పేర్చాడు. "ఈ పుల్లలు శ్రీనగర్ నుంచి లేహ్ పోయే రోడ్డు మీద మన లారీలు. ఈ పీట మీద వాడున్నాడు. వాడికి మన ప్రతి లారీ కనిపిస్తది. మనోళ్ళు ఈ గచ్చు మీంచి పీట మీదికి పాకాలి, పైనించి వాడు కాలుస్తుంటే." పీట అంచు మీద వేలు పెట్టి పైకి పాకించి చూపించాడు. ఆ వేలు ఎంత నిదానంగా కదిలిందో ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

జూన్ 13కి తోలోలింగ్ మన చేతికొచ్చింది. 2 రాజ్‌పుతానా రైఫిల్స్ బెటాలియన్ దాన్ని పట్టుకుంది. ఆ దాడిలో మేజర్ వివేక్ గుప్తా చనిపోయారు. యుద్ధంలో మొదటి పెద్ద గెలుపు అదే, అక్కణ్ణుంచే గాలి మారిందని నాన్న అనేవాడు. అదే బెటాలియన్‌ని పదిహేను రోజులకే మళ్ళీ ఇంకో కొండకి పంపారు. నోల్, లోన్ హిల్, త్రీ పింపుల్స్ అని ఆ గుట్టలకి మ్యాపుల్లో పెట్టుకున్న పేర్లు. జూన్ 28 రాత్రి. వెన్నెల ఉందట ఆ రాత్రి. అది ఎక్కేవాళ్ళకి ఎంత కీడో నాన్న చెప్తే తప్ప నాకు తెలీలేదు. వెన్నెలంటే మాకు డాబా మీద అన్నం తినడమే కదా.

ఆ తర్వాత ఒకరోజు నాన్న పేపర్లో పేర్లు చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. ఊరి పేరు దగ్గర ఆగాడు. హైదరాబాద్.

మేజర్ పద్మపాణి ఆచార్య. వాళ్ళది మూలాన ఒడిశా, కానీ హైదరాబాద్‌లో స్థిరపడ్డ కుటుంబం. తండ్రి జగన్నాథ్ ఆచార్య ఎయిర్‌ఫోర్స్‌లో వింగ్ కమాండర్‌గా రిటైరయ్యారు. ఈయన ఉస్మానియాలో చదువుకుని, మద్రాస్‌లో ఆర్మీ ఆఫీసర్లకి శిక్షణిచ్చే ఓటీఏలో శిక్షణ అయ్యాక 1994లో రాజ్‌పుతానా రైఫిల్స్‌లో చేరారు. మాకు ఏ విధంగానూ తెలిసినవాళ్ళు కాదు, ఏనాడూ చూసింది లేదు. అయినా ఆ రోజు ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. అదే ఊరి నీళ్ళు తాగిన మనిషి, మనం ఎక్కిన బస్సులే ఎక్కి ఉంటాడు, ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడి ఉంటాడు. అప్పటిదాకా కార్గిల్ రెండు పీటల ఎత్తులో ఉండింది, ఆ రోజు మా వీధిలోకి వచ్చినట్టయింది.

ఆయన ఇంటికి రాసిన ఆఖరి ఉత్తరం సంగతి తర్వాత పేపర్లో వచ్చింది. మా నానమ్మ కథ అక్కణ్ణుంచి మొదలు.

నానమ్మది సూర్యాపేట పక్క పల్లెటూరు. మూడో తరగతి వరకే చదివింది, కానీ హరికథలు, బుర్రకథలు విని విని భారతం మొత్తం నోటికి వచ్చు. ఆ రోజు గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నాన్న ఉత్తరాన్ని ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్తున్నాడు. జూన్ 19న రాసిన ఉత్తరం అది, తన పుట్టినరోజుకి రెండు రోజుల ముందు, చనిపోవడానికి తొమ్మిది రోజుల ముందు. వాళ్ళ నాన్నకి రాశారు. ప్రాణనష్టం గురించి దిగులు పడొద్దు, ఈ వృత్తిలో అది ఉన్నదే, మన చేతుల్లో లేనిది, అదీ ఒక మంచి పని కోసమే కదా అని. యుద్ధంలో నిలబడే అవకాశం జీవితంలో ఒక్కసారి దొరికే గౌరవమని అమ్మకి చెప్పమని. దేశానికి సేవ చెయ్యడానికి ఇంతకంటే మంచి దారి ఏముందని. అంతవరకూ నానమ్మ చేతులు ఆడుతూనే ఉన్నాయి. ఆ తర్వాత మాట వచ్చింది. చారుకి రోజుకో కథ చొప్పున మహాభారతం చెప్పండి, మీ మనవడికో మనవరాలికో మంచి బుద్ధులు అబ్బుతాయి అని. చారులత ఆయన భార్య. అప్పుడు కడుపుతో ఉంది.

నానమ్మ చేతిలో చింతపండు అట్లాగే ఉండిపోయింది.

"ఆ పిల్లకి ఎన్నో నెల రా?" అంది చాలాసేపటికి.

"రాయలేదమ్మా పేపర్లో" అన్నాడు నాన్న.

నానమ్మ లోపలికి తలతిప్పి అక్క వైపు చూసింది. అక్క మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, కాళ్ళు వాచి ఉన్నాయి, తనకీ కళ్ళనిండా నీళ్ళు. నానమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుని అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఆ తండ్రికి చెప్పమని రాసిండు. కొడుకు పోయిన దుఃఖంల ఆయనకి నోరు పెగుల్తదో పెగలదో. మనింట్ల కూడా ఒక పిల్ల ఉంది కదా. నేను చెప్త."

ఆ సాయంత్రం నుంచే మొదలుపెట్టింది. కరెంటు రోజూ ఏడున్నర ప్రాంతంలో పోయేది, అందరం డాబా ఎక్కేవాళ్ళం. అక్కని రెండు చేతులా పట్టుకుని మెట్లు ఎక్కించడం నా పని. అమ్మ విసనకర్ర తెచ్చేది. నానమ్మ అక్క పక్కన కూర్చుని, "అయితే బిడ్డా" అని మొదలుపెట్టేది. ఆ బిడ్డా అనేది అక్కనా, కడుపులో ఉన్నవాళ్ళనా, ఆ రాసినాయన బిడ్డనా అని నేను చాలాసార్లు అనుకున్నాను. అడగలేదు.

శంతనుడి దగ్గర మొదలుపెట్టింది. భీష్ముడి ప్రతిజ్ఞ ఒక రాత్రి, ఏకలవ్యుడు ఒక రాత్రి, లక్క ఇల్లు ఒక రాత్రి. బకాసురుడి కథ రోజు పక్క వాటాలో పిల్లలు కూడా వచ్చి కూర్చున్నారు, అప్పట్నుంచి చాపలు చాల్లేదు. యక్షప్రశ్నలు మాత్రం రెండు రోజులు సాగాయి, ఎందుకంటే ఒక్కో ప్రశ్న వేసి మమ్మల్ని జవాబు చెప్పనిచ్చేది. సుభద్ర కడుపులో ఉన్న అభిమన్యుడు పద్మవ్యూహంలోకి వెళ్ళే దారి విన్న కథా చెప్పింది, సుభద్రకి నిద్ర పట్టడం, బయటికొచ్చే దారి చెప్పకుండానే మాట ఆగిపోవడం. అక్క నవ్వి, "అయితే నేను నిద్రపోకూడదన్నమాట" అంది. నానమ్మ నవ్వలేదు. అక్క తల నిమిరింది అంతే.

మధ్యలో ఆగస్టు 15 వచ్చింది. శౌర్య పతకాల జాబితా ప్రకటించారు. నాన్న ఆ రోజు పేపర్ గచ్చు మీద పరిచి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పరమవీర్ చక్రలు నాలుగు. అందులో కెప్టెన్ విక్రమ్ బాత్రా, లెఫ్టినెంట్ మనోజ్ పాండే చనిపోయినవాళ్ళు, యోగేంద్ర సింగ్ యాదవ్, సంజయ్ కుమార్ బతికున్నవాళ్ళు. కింద మహావీర్ చక్రల్లో పద్మపాణి ఆచార్య పేరు. ఆ ఒక్క బెటాలియన్‌కే ఆ యుద్ధంలో నాలుగు మహావీర్ చక్రలు వచ్చాయి. అదే రాత్రి అదే గుట్టల మీద ఆయనతోపాటు పోరాడి చనిపోయిన కెప్టెన్ కెంగురుసేకి ఒకటి. నాగాలాండ్ అబ్బాయి, రాతి మీద కాళ్ళు జారుతున్నాయని ఆ చలిలో బూట్లు విప్పేసి ఎక్కాడు. 22 ఏళ్ళ విజయంత్ థాపర్‌కి వీర్ చక్ర. ఆ పిల్లాడూ ఇంటికి ఒక ఉత్తరం రాసి పెట్టే పైకెళ్ళాడు. ఈ ముగ్గురి పేర్ల పక్కనా బ్రాకెట్లో ఒకటే మాట, మరణానంతరం.

శత్రువు ఎదురుగా ఉన్నప్పుడు చూపిన ధైర్యానికి ఇచ్చేవి ఈ మూడని, పరమవీర్ తర్వాత మహావీర్, ఆ తర్వాత వీర్ చక్ర అని నాన్న మాకు వరస చెప్పాడు. మహావీర్ చక్ర వెండిది, గుండ్రంగా ఉంటుంది, మీద ఐదు కోణాల నక్షత్రం, దాని రిబ్బన్ సగం తెలుపు సగం నారింజ. నానమ్మ అంతా విని, "మరి మనిషే లేకపాయె, ఎవరి రొమ్ముకి పెడ్తరు?" అని అడిగింది.

"ఎవరికీ పెట్టరమ్మా. ఇంట్లోవాళ్ళ చేతికిస్తారు."

"వాళ్ళు పెట్టుకోవచ్చునా?"

"పెట్టుకోవచ్చు. కుడిపక్క. సంపాదించినవాడైతే ఎడమపక్క పెట్టుకుంటాడు, వాడి తరఫున పెట్టుకునేవాళ్ళు కుడిపక్క."

నానమ్మ తన కుడి భుజం కింద చెయ్యి పెట్టి చూసుకుంది. పైట ఉండే వైపు కాదు అది.

మేజర్ ఆచార్య ఏం చేశారన్నది సైటేషన్‌లో, అంటే పతకంతోపాటు చదివే ప్రశంసాపత్రంలో ఉంటుంది. తర్వాత దాన్ని నేను చాలాసార్లు చదివాను, ఇంగ్లీషులో, హిందీలో. ఆర్మీ భాష అది, గట్టిగా, పొడిగా ఉంటుంది. కంపెనీ కమాండర్‌గా ఆయనకి అప్పగించిన స్థావరం చుట్టూ మందుపాతరలు, మెషిన్‌గన్లు, పైనుంచి ఫిరంగి గుండ్లు. అది తొందరగా చేతికొస్తేనే బెటాలియన్ పనీ, బ్రిగేడ్ పనీ ముందుకు సాగుతాయి. మొదట్లోనే గుండ్లు సరిగ్గా ముందు నడిచే ప్లటూన్ మీద పడ్డాయి, చాలామంది పడిపోయారు. దాడి అక్కడే ఆగిపోవాల్సింది. అప్పుడాయన వెనక ఉంచుకున్న రిజర్వ్ ప్లటూన్‌ని తీసుకుని తనే ముందు నడిచారు, ఆ గుండ్ల వానలోనే, నిటారుగా ఉన్న రాతి మీదుగా. బంకర్ దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి గ్రెనేడ్లు వేశారు. అక్కడ బాగా గాయపడ్డారు, ఇక కదల్లేకపోయారు.

తర్వాతి వాక్యం దగ్గర నేను ఎప్పుడు చదివినా ఆగిపోతాను. తనని అక్కడే వదిలేసి ముందుకెళ్ళమని మనుషులకి ఆర్డరిచ్చి, తను పడి ఉన్న చోటు నుంచే కాలుస్తూ ఉన్నారు. స్థావరం చేతికొచ్చింది. పని పూర్తయ్యాక ఆయన ప్రాణం పోయింది.

వదిలేసి వెళ్ళండి అన్న మాట ఎంత గట్టిగా చెప్పి ఉంటే ఆ జవాన్లు విని ఉంటారు? తమ సాబ్‌ని ఆ రక్తంలో వదిలి అడుగు ముందుకెయ్యాలంటే. నాన్నని అడిగాను ఒకసారి. "మామూలప్పుడు నెమ్మదిగా మాట్లాడే ఆఫీసర్ మాటే అట్లాంటప్పుడు వింటారు" అన్నాడు. నాకు ఎప్పుడూ అనిపించేది ఏంటంటే, ఆ సైటేషన్ పక్కన ఆ ఉత్తరం పెట్టి చదవాలి. రోజుకో కథ చెప్పండి నాన్నా అన్న మనిషీ, నన్ను వదిలి ముందుకెళ్ళండి అన్న మనిషీ ఒకడే. రెండిటి మధ్య తొమ్మిది రోజులే. ఏ ఒక్కటి చదివినా సగం మనిషే తెలుస్తాడు.

సరే, డాబా మీదికి వస్తాను. సెప్టెంబర్ వచ్చింది, అక్కకి నెలలు నిండుతున్నాయి, కథ కురుక్షేత్రంలోకి వచ్చింది. భీష్ముడు అంపశయ్య మీద పడ్డాడు. మర్నాడు రాత్రి ద్రోణుడు సేనాపతి అవుతాడు కదా, నేను ఎదురుచూస్తున్నాను. నానమ్మ "అయితే బిడ్డా" అని ఘటోత్కచుడి దగ్గర ఎత్తుకుంది. నేను ఊరుకుంటానా. "నానమ్మా, అభిమన్యుడు? పద్మవ్యూహం ఏది?" అన్నాను.

"ఆ కథ ఇప్పుడొద్దు" అంది.

"అదేంటి, మొదట్లో లోపలికెళ్ళే దారి చెప్పావు కదా..."

అమ్మ విసనకర్రతో నా మోకాలు మీద తట్టింది, కళ్ళతో ఊరుకోమంది. అక్క కడుపు మీద చెయ్యి పెట్టుకుని ఆకాశంలోకి చూస్తోంది. అప్పుడు నాకు అర్థం కాలేదు. అపశకునం అనుకుంటోంది కాబోలు అనుకున్నాను. ఎన్నో ఏళ్ళకి, భారతం నేనే చదువుకుంటే తెలిసింది. అభిమన్యుడు చనిపోయేనాటికి ఉత్తర కడుపుతో ఉంది. పరీక్షిత్తు తండ్రి ముఖం చూడలేదు. నానమ్మకి ఆ రాత్రి డాబా మీద అక్క ఒక్కతే కనిపించలేదు. ఆ ఊళ్ళోనే ఇంకెక్కడో, ఇంకో ఇంట్లో, రోజుకో కథ వినాల్సిన ఆ అమ్మాయి కనిపించింది. ఆవిడ ముందు ఆ కథ ఎట్లా చెప్తుంది?

సెప్టెంబర్ నెలాఖర్లో అక్కకి ఆడపిల్ల పుట్టింది. మేజర్ ఆచార్య గారికీ పాపే పుట్టిందని, అపరాజిత అని పేరు పెట్టారని మాకు కొన్నాళ్ళకి తెలిసింది. ఎవరి చేతా ఓడిపోనిది. నాన్న ఆ పేరు పేపర్లో పైకి చదివాడు. ఎప్పుడూ చనిపోయినవాళ్ళ పేర్లు చదివే గొంతు అది, ఆ రోజు వేరేగా ఉంది. అక్క తన కూతురికీ అదే పేరు పెట్టాలని చాలా పట్టుబట్టింది. నక్షత్రం ప్రకారం అక్షరం కుదరదని బావ వాళ్ళింట్లో ఒప్పుకోలేదు. నానమ్మ మాత్రం బతికున్నంత కాలం ఆ పిల్లని ఒళ్ళో వేసుకుని, ఎవరూ వినకుండా, అప్పుడప్పుడు ఆ పేరుతోనే పిలిచేది. నేను విన్నాను.

ఆ దాటేసిన కథ నానమ్మ చివరికి 2007 దసరా సెలవుల్లో చెప్పింది. అప్పటికి అక్క కూతురికి ఎనిమిదేళ్ళు. తిరుమలగిరి ఇల్లు వదిలేసి నాన్న సూర్యాపేట వెళ్ళిపోయాడు, సొంత ఇల్లు కట్టుకున్నాడు, అక్కడ వరండాలో. ఆ పిల్లే అడిగింది, బళ్ళో ఎవరో చెప్పారట. నానమ్మ ఈసారి ఆపలేదు. రథచక్రం ఎత్తుకుని కొట్టడం దాకా చెప్పింది. పిల్ల అంతా విని, "మరి పరీక్షిత్తుకి వాళ్ళ నాన్న కథ ఎవరు చెప్పారు తాతమ్మా?" అంది. నానమ్మ కాసేపు ఆలోచించి, "ఊరంతా చెప్పిన్రు బిడ్డా" అంది. రెండేళ్ళకి నానమ్మ పోయింది.

2020 జూన్. లాక్‌డౌన్ సడలించిన రోజులు, నేను పిల్లల్తో సూర్యాపేటలోనే చిక్కుకుపోయాను. 16వ తేదీ మధ్యాహ్నం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. గల్వాన్‌లో 15 రాత్రి మన సూర్యాపేట కల్నల్ చనిపోయాడంట అని. బిక్కుమల్ల సంతోష్‌బాబు, 16 బిహార్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్, 37 ఏళ్ళు. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివినవాడు. తండ్రి బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. రాత్రికి 20 మంది అన్నారు. చైనా సరిహద్దులో మన జవాన్లు ఇట్లా చనిపోవడం 45 ఏళ్ళ తర్వాత. తుపాకులు పేలలేదు, రాళ్ళు, మేకులు కొట్టిన కర్రలు. నాన్నకి డెబ్బై దాటాయి, కళ్ళు సరిగ్గా కనపడవు. పేపర్ నా చేతికిచ్చి, "చదువు" అన్నాడు. ఇరవై పేర్లూ చదివించాడు. పేరు, ర్యాంకు, రెజిమెంటు, ఊరు.

17 రాత్రి పార్థివదేహం సూర్యాపేటకి వచ్చింది. మర్నాడు కేసారంలో వాళ్ళ పొలంలోనే అంత్యక్రియలు. కరోనా వల్ల అక్కడికి అందర్నీ రానివ్వలేదు. జనం దారి పొడుగునా మాస్కులు కట్టుకుని నిలబడ్డారు, మేడల మీంచి పూలు చల్లారు. నేను నాన్నని పట్టుకుని రోడ్డు పక్కకి తీసుకెళ్ళాను. బండి దాటుతుంటే కర్ర నాకిచ్చేసి సెల్యూట్ చేశాడు. చెయ్యి వణికింది. బండి కనపడకుండా పోయేదాకా దించలేదు.

మరుసటి ఏడాది నవంబర్ 23న రాష్ట్రపతి భవన్‌లో సంతోష్‌బాబు మహావీర్ చక్రని ఆయన భార్య సంతోషి గారూ తల్లి మంజుల గారూ అందుకున్నారు. అక్క కూతురు అప్పుడు మా ఇంట్లోనే ఉంది, డిగ్రీ చదువుతోంది. టీవీలో హిందీలో సైటేషన్ చదువుతున్నారు. ఎత్తుల మీంచి రాళ్ళు, పదునైన ఆయుధాలు, తీవ్రంగా గాయపడినా ముందుండి నడిపించడం, చివరి శ్వాస దాకా తన స్థానం వదలకపోవడం. ఆ ఇద్దరూ అది పూర్తయ్యేదాకా నిలబడి వినాలి. నాకు అదే కష్టంగా అనిపించింది. పతకం అందుకోవడం ఒక్క క్షణం, అంతకుముందు నిలబడి వినడమే ఎంతో సేపు. తన బిడ్డ ఎట్లా పోయాడో దేశమంతా వింటుంటే, తల్లి తల ఎత్తుకుని వినాలి. 'మరణోపరాంత్' అన్న మాట వచ్చినప్పుడు అక్క కూతురు నా చెయ్యి పట్టుకుంది. "చేతికిచ్చారు పిన్నీ, తాతయ్య చెప్పినట్టే" అంది.

2022లో దానికి ఉద్యోగం వచ్చింది. మొదటి జీతాలు దాచి, నన్ను తీసుకుని లదాఖ్ బయల్దేరింది. ద్రాస్‌లో కార్గిల్ యుద్ధ స్మారకం రోడ్డు పక్కనే ఉంటుంది, లోపల గోడ మీద అందరి పేర్లూ ఉంటాయి. గోడ వెనకే తోలోలింగ్. ఫొటోల్లో ఎన్నోసార్లు చూశాను కానీ అంత దగ్గరగా, అంత మీదికి వచ్చినట్టు ఉంటుందనుకోలేదు. దాదాపు 15,000 అడుగులు. ఒక్క చెట్టు లేదు, పొద లేదు, తలదాచుకోవడానికి ఇంత పెద్ద బండ కూడా కనపడలేదు నాకు. గోడ మీద మేజర్ ఆచార్య పేరు అదే వెతికి పట్టుకుంది. పైకి చదివింది, ర్యాంకుతో సహా. పక్కన నిలబడ్డ రాజస్థాన్ కుటుంబం మా వైపు చూసి, వాళ్ళూ ఒక పేరు పైకి చదివారు. ఆ నోల్ గుట్ట ఎటు అని అక్కడి జవాన్‌ని అడిగితే, కొండల వరస మీద చేత్తో ఎడమవైపుకి చూపించాడు.

అక్కణ్ణుంచే నాన్నకి వీడియో కాల్ చేసింది. సిగ్నల్ సరిగ్గా లేదు, మాట తెగిపోతోంది. నాన్న ఫోన్‌ని కళ్ళకి అంటించుకున్నంత దగ్గర పెట్టుకున్నాడు, మాకు ఆయన నుదురు మాత్రమే కనిపిస్తోంది.

"చెట్లున్నాయా ఏమన్నా?" అన్నాడు.

"ఒక్కటి కూడా లేదు తాతయ్యా."

"అందుకే రాత్రిపూట ఎక్కారు. ఏదీ, కొండ చూపించు."

అది ఫోన్ తిప్పి కొండ వైపు పెట్టింది. పాదం దగ్గర్నుంచి నెమ్మదిగా ఎత్తుతూ పోయింది.

"ఇంకొంచెం పైకి" అన్నాడు నాన్న.

ఎత్తింది.

"ఇంకా పైకి."

అది మునివేళ్ళ మీద నిలబడి, రెండు చేతులతో ఫోన్ తలపైకి ఎత్తిపట్టుకుంది.